ఉప్పునీటి తొట్టెలో బొగ్గు, రాయి, తుప్పు

పిల్లలూ! మంచినీటి చేపల తొట్టెలు మీరు చాలా చూసే ఉంటారు. ఎర్రచేపలు, నల్లచేపలు, అడుగున రంగురాళ్లు, పైకి లేచే గాలిబుడగలు. తెనాలిలో మా బడి సైన్సు గదిలో కిటికీ పక్కన ఉన్న తొట్టె అలాంటిది కాదు. అందులో ఉన్నది సముద్రపు నీరు. సముద్రం మా ఊళ్లో లేదు. మాకున్నవి కాలువలు. అందుకని ఆ నీటిని బాపట్ల దగ్గర సూర్యలంక నుంచి మోసుకు రావలసి వచ్చింది.

తొట్టె పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, నీటి ఎత్తు 30. గుణించి చూడండి. 54 వేల ఘన సెంటీమీటర్లు, అంటే 54 లీటర్లు. అడుగున ఇసుక ఆక్రమించిన చోటు తీసేస్తే 50 లీటర్ల నీరు. సూర్యలంకలో నాలుగు క్యాన్ల నీళ్లు పట్టుకుని నేనూ, నలుగురు పిల్లలూ బాపట్లలో రైలెక్కాం. పక్కన కూర్చున్న పెద్దాయన క్యాన్ల వంక చూసి, "మాస్టారూ, దాహమేస్తోంది, కాసిని నీళ్లు పోస్తారా?" అని అడిగారు. సముద్రపు నీళ్లని చెబితే నమ్మలేదు. వేలితో ముంచి నాలిక మీద వేసుకున్నాక నమ్మారు. డబ్బులిచ్చి ఉప్పునీళ్లు తెచ్చుకునే వాళ్లను ఇంతవరకు చూడలేదని తెనాలి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు.

తొట్టెలో వేసినవి నాలుగు కొయ్యింగ పిల్లలు, ఒక సన్యాసి పీత. కొయ్యింగ ఎగిరి దూకే చేప. తొట్టె మీద వల మూత లేకపోతే తెల్లవారేసరికి నేల మీద ఉంటుంది. ఈ చేపలను బతికించడానికి వడపోత పెట్టెలో ఏం వేయాలన్న ప్రశ్న దగ్గర నేనొక తప్పు చేశాను. ఇరవై ఏళ్లకు పైగా రసాయనశాస్త్రం చెబుతున్నవాణ్ణి చేయకూడని తప్పు అది. అదేమిటో తర్వాత చెబుతాను.

తొట్టె నీటికి ఏమవుతుంది?

సముద్రంలో చేప విసర్జించినది ఎక్కడికో కొట్టుకుపోతుంది. 50 లీటర్ల తొట్టెలో ఎక్కడికీ పోదు. చేప మొప్పల ద్వారా అమోనియా బయటికి వస్తుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్లినా అమోనియాయే పుడుతుంది. ఇది చేపకు విషం. నీటిలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి ఆవేశం లేని అమోనియా అణువు, రెండోది ఒక హైడ్రోజన్ అయానును కలుపుకున్న అమ్మోనియం అయాను. మొదటిది మొప్పల్లోంచి సులభంగా దూరి రక్తంలో చేరుతుంది, రెండోది అంత సులభంగా దూరలేదు. నీటి క్షారగుణం పెరిగేకొద్దీ మొదటి రూపం ఎక్కువవుతుంది. సముద్రపు నీటి పి.హెచ్. విలువ సుమారు 8.2. మన వేడి వాతావరణంలో ఆ పి.హెచ్. దగ్గర మొత్తం అమోనియాలో ఇంచుమించు పదో వంతు విషరూపంలో ఉంటుంది. పి.హెచ్. 7 ఉన్న మంచినీటిలో ఇది నూటికి ఒక వంతు కూడా ఉండదు. కాబట్టి కొలిచినప్పుడు ఒకే అంకె వచ్చినా మంచినీటి తొట్టెలో చేప తట్టుకుంటుంది, ఉప్పునీటి తొట్టెలో తట్టుకోలేకపోవచ్చు.

ఈ అమోనియాను తొలగించే అసలు పనివాళ్లు సూక్ష్మజీవులు. ఇసుక రేణువుల మీద, రాళ్ల మీద కాపురముండే కొన్ని బాక్టీరియాలు అమోనియాను నైట్రైటుగా మారుస్తాయి. మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు అంత ప్రమాదకరం కాదు. పొలంలో వేసిన యూరియా విషయంలోనూ నేలలో జరిగేది ఇదే. రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో ఈ బాక్టీరియాలను వేరుచేసి చూపాడు. కొత్త తొట్టెలో ఇవి తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఓపిక పట్టాలి. దుకాణంలో దొరికే ఏ పొడీ ఈ ఓపికకు బదులు రాదు.

మరి రసాయన వడపోత దేనికి? బాక్టీరియాలు చేయలేని పనులు కొన్ని ఉన్నాయి. నెల గడిచాక తొట్టె నీరు పలచని టీ నీళ్లలా పసుపెక్కుతుంది. మేత, నాచు, విసర్జితాలు శిథిలమైనప్పుడు పుట్టే కర్బన పదార్థాల రంగు అది. ఫాస్ఫేటు పెరుగుతుంది, దాంతో గాజుకు నాచు పడుతుంది. వీటికోసం వడపోత పెట్టెలో ఏదో ఒక రసాయన మాధ్యమం వేస్తారు. మాకు దొరికినవి మూడు. ఉత్తేజిత బొగ్గు, జియోలైట్ అనే రాయి, ఫెర్రిక్ ఆక్సైడు గుళికలు. మూడోది మన ఇంటి గునపానికి పట్టే తుప్పుకు దగ్గరి చుట్టం.

బొగ్గు సంగతి

ముందుగా ఒక ప్రయోగం చేయండి. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి ఒక్కొక్క చుక్క నీలి సిరా కలపండి. ఒకదానిలో కుంపటి బొగ్గును నూరి ఒక చెంచా వేయండి. రెండోదానిలో ఉత్తేజిత బొగ్గు ఒక చెంచా వేయండి. తాగునీటి యంత్రాలు బాగుచేసే వాళ్లను అడిగితే పాత వడపోత గొట్టం ఇస్తారు. దాన్ని కోస్తే లోపల నల్లటి గుళికలుంటాయి. కానీ అది వాడేసిన సరుకు, సరిగా పనిచేయదు. కొత్తది చేపల తొట్టెల దుకాణంలో దొరుకుతుంది. గ్లాసుల్ని అప్పుడప్పుడు కలుపుతూ సాయంత్రం దాకా ఉంచి, వడపోత కాగితంలో వడగట్టండి. రెండింటికీ తేడా మీకే తెలుస్తుంది. సిరాకు బదులు బట్టలకు పెట్టే నీలిమందు పొడి వాడకండి. అది నీటిలో కరగదు, సన్నని రేణువులుగా తేలుతుంది. అప్పుడు మీరు చూసేది బొగ్గు గొప్పతనం కాదు, కాగితం గొప్పతనం.

సిరా రంగు ఎక్కడికి పోయింది? బొగ్గు దాన్ని స్పాంజి నీటిని పీల్చినట్టు పీల్చలేదు. స్పాంజిది శోషణం. ఇక్కడ జరిగింది అధిశోషణం. అంటే రంగు అణువులు బొగ్గు ఉపరితలానికి అంటుకుపోయాయి. అంటుకోవడానికి చోటు కావాలి గదా! ఒక గ్రాము మంచి ఉత్తేజిత బొగ్గులో లోపలి రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే సుమారు వెయ్యి చదరపు మీటర్లు వస్తుంది. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు. నాలుగు గ్రాముల బొగ్గు తీసుకోండి, రెండు చెంచాలు కూడా నిండదు. అందులో ఒక ఎకరం పొలం మడతపెట్టి ఉందన్నమాట.

ఈ మడతలు ఎలా వచ్చాయి? కొబ్బరి చిప్పల్ని గాలి తగలకుండా కాల్చితే మామూలు బొగ్గు వస్తుంది. దాన్ని 800 నుంచి 1,000 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచి దాని మీదికి నీటి ఆవిరి పంపిస్తారు. ఆవిరి బొగ్గులో కొంత భాగాన్ని కొరుక్కుతిని కోట్లాది సన్నని రంధ్రాలు చేస్తుంది. దీన్నే ఉత్తేజితం చేయడం అంటారు. బొగ్గుకు వాయువుల్ని పట్టుకునే గుణముందని స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు షీలే 1773లో గమనించాడు. ద్రవాల్లోని రంగును లాగేస్తుందని 1785లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మందులు తయారుచేసే లోవిట్జ్ కనిపెట్టాడు. టార్టారిక్ ఆమ్లం ద్రావణం గోధుమరంగుకు తిరగకుండా ఏం చేయాలా అని వెతుకుతూ ఆయన దీన్ని పట్టుకున్నాడు.

బొగ్గు ఏం పట్టుకోదో కూడా చూడండి. సముద్రపు నీటిలో బొగ్గు వేసి ఒక రోజు ఉంచి వడగట్టండి. ఒక చుక్క గాజుపలక మీద వేసి ఎండబెట్టండి. తెల్లటి ఉప్పు అలాగే మిగులుతుంది. బొగ్గు ఉప్పును ముట్టుకోలేదు. పెద్ద కర్బన అణువులంటే దానికి ఇష్టం. సోడియం, క్లోరైడు వంటి అయాన్లు నీటి అణువుల్ని చుట్టూ కప్పుకుని హాయిగా తిరుగుతుంటాయి, బొగ్గు గోడల దగ్గరికి రావు. అమ్మోనియం కూడా ఆ కోవలోదే. కాబట్టి బొగ్గు వేశాను, ఇక అమోనియా భయం లేదు అనుకోవడం పొరపాటు. ఈ మాట బల్ల మీద రాసి పెట్టుకోదగినది. చాలామంది పెద్దవాళ్లకు కూడా తెలియదు.

కొనేటప్పుడు ఏం చూడాలి? గుళికలు గట్టిగా ఉండాలి, చేతికి మసి తక్కువ అంటాలి. నీటిలో వేయగానే సన్నగా బుసమనాలి. రంధ్రాల్లోని గాలి బయటికి వచ్చే చప్పుడది. కొబ్బరి చిప్ప బొగ్గు గట్టిది, రంధ్రాలు చాలా సన్నవి. నేలబొగ్గు నుంచి చేసిన రకంలో కాస్త పెద్ద రంధ్రాలుంటాయి. నీటికి పసుపురంగునిచ్చే అణువులు పెద్దవి కాబట్టి ఆ పనికి రెండోది మెరుగు. మా తొట్టెకు మేము కొబ్బరి చిప్ప బొగ్గే వాడుతున్నాం. రంగు నెమ్మదిగా పోతుంది, పోనివ్వండి. కొన్ని రకాల బొగ్గును ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఉత్తేజితం చేస్తారు. అలాంటిది తొట్టెలోకి ఫాస్ఫేటును వదలవచ్చు. ఒక చెంచా బొగ్గును స్వేదనజలంలో ఒక రోజు నానబెట్టి ఆ నీటికి ఫాస్ఫేటు పరీక్ష చేస్తే గుట్టు బయటపడుతుంది. తొట్టెలో చేపలకు మందు వేయవలసి వస్తే ముందు బొగ్గును తీసేయాలి. లేకపోతే మందును చేప కంటే ముందు బొగ్గే మింగుతుంది.

రాయి సంగతి

1756లో స్వీడన్‌కు చెందిన క్రోన్‌స్టెట్ ఒక ఖనిజాన్ని వేడిచేస్తుంటే అది ఉడుకుతున్నట్టు నీటి ఆవిరి విడిచింది. అందుకని దానికి గ్రీకు భాషలో "ఉడికే రాయి" అనే అర్థం వచ్చేలా జియోలైట్ అని పేరుపెట్టాడు. మన దేశంలో దక్కను పీఠభూమి నల్లరాతి పొరల్లో, ముఖ్యంగా పుణె, నాసిక్ ప్రాంతాల్లో అందమైన జియోలైట్ స్ఫటికాలు దొరుకుతాయి. వీటి లోపల అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు గూళ్లుగూళ్లుగా అమరి ఉంటాయి. ఆ చట్రానికి ఋణావేశం ఉంటుంది. దాన్ని సరిచేయడానికి గూళ్లలో సోడియం, పొటాషియం, కాల్షియం వంటి ధనావేశ అయాన్లు కూర్చుని ఉంటాయి. ఇవి అతుక్కుని ఉండవు. బయటి నీటిలో మరో అయాను వస్తే లేచి చోటివ్వగలవు. దీన్ని అయాను వినిమయం అంటారు.

ఈ సంగతి మొదట తెలిసింది రాతిలో కాదు, మట్టిలో. ఇంగ్లండులో థామ్సన్ అనే రైతు, వే అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1850లో తమ ప్రయోగాలు ప్రకటించారు. అమ్మోనియం సల్ఫేటు ద్రావణాన్ని మట్టి గుండా పోస్తే అడుగు నుంచి కాల్షియం సల్ఫేటు బయటికి వచ్చింది. అమ్మోనియాన్ని మట్టి ఉంచేసుకుని, తన కాల్షియాన్ని వదిలింది. మన డెల్టా నల్లరేగడి మడిలో వేసిన ఎరువు మొదటి తడికే కొట్టుకుపోకుండా కొంతకాలం నిలవడానికి ఇదొక కారణం.

క్లినోప్టిలోలైట్ అనే జియోలైట్‌కు అమ్మోనియం అంటే మరీ ఇష్టం. సోడియం, అమ్మోనియం పక్కపక్కన ఉంటే అమ్మోనియాన్నే ఎంచుకుంటుంది. అందుకే మంచినీటి తొట్టెల్లో అది బాగా పనిచేస్తుంది. ఇక్కడిదాకా అంతా నిజమే.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మా సైన్సు గదిలో అంతకుముందే ఒక మంచినీటి తొట్టె ఉండేది. దాని వడపోతలో 200 గ్రాముల జియోలైట్ గుళికలు ఆరు నెలలుగా ఉన్నాయి. ఉప్పునీటి తొట్టె పెట్టిన మూడో వారంలో అమోనియా కాస్త కనిపించింది. బాక్టీరియాలు ఇంకా పెరగలేదన్నమాట. ఆగవలసింది. నేను ఆగలేదు. అక్కడ బాగా పనిచేస్తున్న రాయి ఇక్కడా పనిచేస్తుంది గదా అని ఆ గుళికల్ని తీసి, కుళాయి కింద శుభ్రంగా కడిగి, సాయంత్రం బడి వదిలే వేళకు ఉప్పునీటి వడపోతలో వేశాను. పొద్దున వచ్చేసరికి రెండు కొయ్యింగలు తేలి ఉన్నాయి. మూడోది నీటి పైకి వచ్చి నోరు తెరుస్తోంది, మధ్యాహ్నానికి అదీ పోయింది. పరీక్ష చేస్తే అమోనియా తగ్గలేదు, ఎన్నో రెట్లు పెరిగింది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, ఆ చేపలకు రోజూ మేత వేసేది, నన్నేమీ అనలేదు. తొట్టె దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయింది. అంటే బాగుండేది.

ఏం జరిగిందో లెక్కవేద్దాం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో సోడియం 10.8 గ్రాములు. సోడియం పరమాణుభారం 23. భాగిస్తే 0.47 మోల్. అమ్మోనియం లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉందనుకుందాం. దాని భారం 18. అంటే 0.000056 మోల్. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఒక్క అమ్మోనియం అయానుకు ఎనిమిది వేలకు పైగా సోడియం అయాన్లు! ఇవి కాక పొటాషియం ఉంది, మెగ్నీషియం ఉంది, కాల్షియం ఉంది.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలును తలచుకోండి. మామూలు రోజు పెట్టెలో ఎనిమిది మంది ఉంటే, కండక్టరుకు బాగా తెలిసినవాడికి కిటికీ పక్క సీటు దొరుకుతుంది. అదే స్టేషనులో ఎనిమిది వేలమంది ఒక్కసారి తోసుకొస్తే? కండక్టరు ఎంత ఇష్టపడినా ఆ ఒక్కడికి సీటు ఇప్పించలేడు. జియోలైట్‌కు అమ్మోనియం మీద ఇష్టం ఉన్నమాట నిజమే, కానీ సముద్రపు నీటిలో సోడియం గుంపు ముందు ఆ ఇష్టం చెల్లదు.

అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. మంచినీటిలో వాడి నిండిపోయిన జియోలైట్‌ను మళ్లీ పనికి తేవాలంటే ఏం చేస్తారో తెలుసా? ఉప్పునీటిలో నానబెడతారు! సోడియం గుంపుగా దూరి, సీట్లలో కూర్చున్న అమ్మోనియాన్ని బయటికి తోసేస్తుంది. బోరు నీటి కాఠిన్యం తగ్గించే యంత్రాల్లో అప్పుడప్పుడు ఉప్పు పోసేది కూడా ఇందుకే. నేను చేసిన పని అచ్చంగా అదే. ఆరు నెలలు అమ్మోనియం మింగిన రాయిని తీసుకెళ్లి, దానిచేత కక్కించే నీటిలో, అదీ చేపల మధ్య, వేశాను. గ్రాముకు ఒక్క మిల్లీగ్రాము చొప్పున పట్టి ఉన్నా 200 గ్రాముల్లో 200 మిల్లీగ్రాములు. 50 లీటర్లకు పంచితే లీటరుకు 4 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు విషరూపం. చిన్న చేపపిల్లలకు అది చాలదా?

పాఠంలో అయాను వినిమయం ఎన్నోసార్లు చెప్పాను. కుళాయి కింద గుళికలు కడుగుతున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఒక ప్రశ్న వచ్చింది

ఈ లెక్క నల్లబల్ల మీద వేసిన రోజున వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు. వాళ్లది రేపల్లె వైపు పల్లె. ఇక్కడ బంధువుల ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. "సార్, మా నాన్న రొయ్యల చెరువులో అమోనియా తగ్గుతుందని జియోలైట్ బస్తాలు చల్లిస్తాడు. అది దండగేనా?" అని అడిగాడు.

నిజాంపట్నం, రేపల్లె, బాపట్ల తీరంలో రొయ్యల సాగు తెలియని పిల్లలు తక్కువ. మొదట టైగర్ రొయ్యలు, 2009 తర్వాత వనామీ. రైతుకు మేత ఖర్చు, కరెంటు ఖర్చు, మందుల ఖర్చు అన్నీ అప్పు మీదే నడుస్తాయి. అలాంటి ఇంటి పిల్లవాడు అడిగిన ప్రశ్నకు తరగతి గదిలో నిలబడి ఔననో కాదనో అనడం నాకు ఇష్టం లేకపోయింది. ఎందుకంటే అన్ని చెరువుల ఉప్పదనం ఒకటి కాదు. సముద్రం నీరు పెట్టిన చెరువు వేరు, బోరు నీరు, కాలువ నీరు కలిసిన చెరువు వేరు. కృష్ణకు వరద వచ్చినప్పుడు తీరంలో సముద్రపు నీరే పలచబడుతుంది. ఉప్పదనం లీటరుకు 5 గ్రాములే ఉన్న చెరువులో సోడియం లీటరుకు గ్రామున్నర ఉంటుంది. లెక్కవేస్తే ఒక అమ్మోనియానికి సుమారు 1,200 సోడియం అయాన్లు. ఎనిమిది వేల కంటే నయం, కానీ ఇదీ గుంపే.

"లెక్క ఒక దారి చూపిస్తుంది, సీసా నిజం చెబుతుంది. మీ చెరువు నీళ్లు పట్టుకురా" అన్నాను.

మేము చేసినది మీరూ చేయవచ్చు. కళాయి వేసేవాళ్లు వాడే నవాసారమే అమ్మోనియం క్లోరైడు. దాన్ని ఒక గ్రాము తూచి లీటరు స్వేదనజలంలో కరిగించండి. ఇది మూల ద్రావణం. మూడు సీసాల్లో ఒక్కొక్క లీటరు కాలువ నీరు, చెరువు నీరు, సముద్రపు నీరు పోయండి. ప్రతిదానిలో మూల ద్రావణం 6 మిల్లీలీటర్లు కలపండి. అంటే లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియం చేరుతుంది. ఎలాగో మీరే లెక్క చూసుకోండి. అమ్మోనియం క్లోరైడు అణుభారం 53.5. ఇప్పుడు ప్రతి సీసాలో బాగా కడిగి ఆరబెట్టిన కొత్త జియోలైట్ 10 గ్రాములు వేసి మూత పెట్టండి. రోజంతా అప్పుడప్పుడు కదిలించి, మర్నాటిదాకా తేరనివ్వండి. రొయ్యల మందుల దుకాణాల్లో దొరికే అమోనియా పరీక్ష పెట్టెతో మొదటా చివరా రంగు చూడండి. పరీక్ష ద్రవాలు కంటికీ నోటికీ తగలకూడదు. మాస్టారు దగ్గర లేకుండా చేయకండి.

జియోలైట్ వేయని సీసాలు కూడా మూడు పక్కన ఉంచాలి. మొదటిసారి మా పిల్లలు ఇది మరిచిపోయారు. రోజంతా గడిచినందువల్లే అమోనియా తగ్గిందా, రాయి వల్ల తగ్గిందా అని అడిగితే జవాబు లేదు. మళ్లీ మొదలుపెట్టాం.

కాలువ నీటి సీసాలో రంగు బాగా తగ్గింది. చెరువు నీటిలో కొంచెం తేలింది. సముద్రపు నీటిలో, రాయి వేసినదానికీ వేయనిదానికీ తేడా కనిపెట్టడానికి సీసాల్ని కిటికీ వెలుతురులోకి తీసుకెళ్లవలసి వచ్చింది. ఆ చెరువు నీటి ఉప్పదనం హైడ్రోమీటరుతో చూస్తే సముద్రపు నీటిలో మూడో వంతు ఉంది.

కుర్రాడు కాగితం మీద మూడు రంగులూ పెన్సిళ్లతో వేసుకుని సెలవులకు ఇంటికి తీసుకెళ్లాడు. తండ్రి చూసి, "సీసాలో లీటరుకు పది గ్రాములు వేశారు. ఎకరం చెరువులో మీటరు లోతు నీళ్లకు అదే లెక్కన ఎంత వేయాలో మీ మాస్టారినే అడుగు" అన్నాడట. అడిగాడు. 4,047 చదరపు మీటర్లు, మీటరు లోతు. నలభై లక్షల లీటర్లు. లీటరుకు పది గ్రాములంటే 40 టన్నులు! రైతులు చల్లేది ఎకరానికి కొద్ది బస్తాలు. ఈ లెక్క నాకు ముందే తట్టవలసింది. బడి మెట్లెక్కని ఆయనకు తట్టింది.

మరి అమోనియాకు ఏం చేయాలని ఆయన అడిగించాడు. మేత కొలిచి వేయాలి. చెక్‌ట్రేలో మిగులు చూసి తగ్గించాలి. ఏరేటర్లు తిప్పాలి. బాక్టీరియాలకు ఆక్సిజన్ కావాలి గదా. అడుగు బురద తీయాలి. వీలున్నచోట కొంత నీరు మార్చాలి. ఇందులో కొత్తది ఏమీ లేదు, ఆయనకు తెలియనిదీ లేదు.

తుప్పు సంగతి

ఇది క్లుప్తంగా చెబుతాను. ఇనుము ఆక్సైడు ఉపరితలం ఫాస్ఫేటును గట్టిగా పట్టుకుంటుంది. దాదాపు అదే తీరుగా ఆర్సెనిక్‌నూ పట్టుకుంటుంది కాబట్టి బెంగాల్ ప్రాంతంలో బావినీటి నుంచి ఆర్సెనిక్ తీయడానికి ఇలాంటి గుళికలు వాడుతున్నారు. తొట్టె గాజుకు పచ్చని నాచు వారం వారం దట్టంగా పడుతుంటే, పరీక్షలో ఫాస్ఫేటు కనిపిస్తుంటే, అప్పుడు వాడవచ్చు. ఒక చెంచాతో మొదలుపెట్టాలి. ఒక్కసారిగా ఎక్కువ వేస్తే తొట్టెలోని జీవులు తట్టుకోలేవు. తుప్పుపట్టిన మేకులు వేస్తే సరిపోదా అని అడిగారు మావాళ్లు. సరిపోదు. మేకు మీద తుప్పు పలచని పొర, దాని ఉపరితలం ఎంత? పైగా మేకులకు జింకు పూత ఉంటే అది కరిగి పీతకు ప్రాణం మీదికి వస్తుంది. రాగి కూడా అంతే. పీతలున్న తొట్టెలో రాగి తీగ ముక్క కూడా పడకూడదు.

మా తొట్టెలో తుప్పు గుళికలు లేవు. మేత తగ్గిస్తే నాచే తగ్గింది.

ఇప్పుడు వడపోత పెట్టెలో

ముందు మురికి ఆపడానికి తెల్లటి పీచు. దాని వెనక పలచని గుడ్డసంచిలో కొబ్బరి చిప్ప బొగ్గు నాలుగు పెద్ద చెంచాలు. పీచు ముందు లేకపోతే బొగ్గు రంధ్రాలు మట్టితో మూసుకుపోతాయి. సంచిని మంచినీటిలో నల్లరంగు పోయేదాకా కడిగి వేస్తాం. నెలకొకసారి మారుస్తాం. తెల్ల కాగితం మీద గీత గీసి తొట్టె వెనక పెట్టి, పక్కన స్వేదనజలం గ్లాసు ఉంచి పోల్చి చూస్తాం. పసుపు కనిపిస్తే బొగ్గు పని అయిపోయిందన్నమాట. అడుగున ఇసుకలో కొన్ని ఆల్చిప్పల ముక్కలున్నాయి. నీరు ఆమ్లం వైపు జారితే అవి కొద్దికొద్దిగా కరిగి ఆపుతాయి.

వారానికి 5 లీటర్ల నీరు తీసి 5 లీటర్ల సముద్రపు నీరు పోస్తాం. 20 లీటర్ల క్యాను నాలుగు వారాలు వస్తుంది. ఏ మాధ్యమమూ చేయలేని పని ఇది చేస్తుంది, నైట్రేటును బయటికి పంపుతుంది. ఎండాకాలంలో ఆవిరైన మేరకు మాత్రం సముద్రపు నీరు పోయకూడదు. నీరు ఆవిరవుతుంది కాని ఉప్పు ఆవిరి కాదు. అందుకని వాననీరు గాని, ఒక రోజు ఎండలో ఉంచి క్లోరిన్ పోయిన కుళాయి నీరు గాని పోయాలి. గాజు మీద గీత గీసుకుంటే ఎంత పోయాలో తెలుస్తుంది. వరదల రోజుల్లో సూర్యలంక వెళితే నీరు తేవడానికి ముందు హైడ్రోమీటరు వేసి చూడాలి. తొట్టెలో ఉన్నదానికీ దానికీ తేడా ఎక్కువుంటే ఖాళీ క్యాన్లతో తిరిగి రావడమే మంచిది. మేము ఒకసారి అలాగే వచ్చాం. రైల్లో ఎవరూ నవ్వలేదు.

నాలుగో కొయ్యింగ బతికింది. ఆ రోజు పొద్దున చూడగానే దాన్ని, పీతను క్యానులో మిగిలిన నీటిలోకి మార్చాం. ఇప్పుడది జానెడు పొడవైంది, 50 లీటర్లు దానికి చాలవు. వచ్చే నెల నీళ్లు తేవడానికి వెళ్లినప్పుడు సూర్యలంకలో వదిలేయాలని పిల్లలు తీర్మానించారు. మేత వేసే అమ్మాయి క్యాను తానే పట్టుకుంటానంది.